ప్రాక్టీసుకి రోజులు మిగిల్చే రోబోని డిజైన్ చేయండి

పోటీకి రోబో కడుతున్న విద్యార్థి జట్టు ఏది కలిసినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: "డ్రైవర్ చేతికి రోబో ఏ రోజు ఇస్తారు?" చాలా జట్ల దగ్గర దీనికి జవాబు ఉండదు. చేయి ఎంత ఎత్తుకి లేస్తుందో చెబుతారు, కెమెరా ఏమేం గుర్తుపడుతుందో చెబుతారు, కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్ క్యాడ్‌లో బొమ్మని అటూ ఇటూ తిప్పి చూపిస్తారు. రోబో పూర్తయ్యాక దాన్ని నడిపేవాళ్ళకి అలవాటు చేసుకోవడానికి ఎన్ని రోజులు మిగులుతాయో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. నా వాదనంతా ఆ రాయని అంకె గురించే. విద్యార్థుల పోటీల్లో డిజైన్ మొదలవ్వాల్సింది ఆ తేదీ నుంచి. రోబోకి తగిలించే ప్రతి పరికరమూ ప్రాక్టీసు రోజుల్లోంచి కొన్ని తింటుంది. ఎన్ని తింటుందో లెక్క వేసి, అంత ఇచ్చుకోవచ్చా లేదా అని తేల్చుకోవడమే డిజైన్‌లో అసలు పని అని నేను గట్టిగా నమ్ముతాను.

కొన్నేళ్ళుగా విద్యార్థి జట్లకి మెంటర్‌గా ఉంటున్నాను. ఈ మాట చెప్పగానే సగం మంది మొహాలు చిన్నబోతాయి. వాళ్ళ దృష్టిలో తేదీలు, ప్రణాళికలు మేనేజర్ల గొడవ. డిజైన్ అంటే గేర్లు, మోటార్లు, సెన్సర్లు. ఆ ఉత్సాహమంటే నాకు ఇష్టమే, అది లేకపోతే ఎవరూ సెలవు రోజున వచ్చి బోల్టులు బిగించరు. కానీ పోటీ గడువు ఎవరి కోసమూ కదలదు. ఫ్యాక్టరీకి యంత్రం రెండు వారాలు ఆలస్యంగా వస్తే నష్టం వస్తుంది, అయినా యంత్రమంటూ వస్తుంది. పోటీ రోజుకి తయారుకాని రోబో లేనట్టే లెక్క. బరువుకి పరిమితి ఉంది, కొలతలకి పరిమితి ఉంది, సమయానికీ ఉంది. మొదటి రెండింటినీ డ్రాయింగ్‌లో గ్రాముల దాకా, మిల్లీమీటర్ల దాకా చూసుకుని మూడోదాన్ని వదిలేస్తే ఆ డ్రాయింగ్ పూర్తయినట్టు కాదు.

ప్రాక్టీసు విలువ ఎంతో చెప్పడానికి ఎఫ్‌ఆర్‌సీ అనే హైస్కూలు పోటీ చరిత్ర చాలు. డీన్ కేమెన్ 1989లో అమెరికాలో స్థాపించిన ఫస్ట్ అనే సంస్థ 1992 నుంచి దీన్ని నడుపుతోంది. ఏటా జనవరి మొదట్లో కొత్త ఆట ప్రకటిస్తారు, అప్పటిదాకా ఆ ఏడు రోబో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. 2019 సీజన్ దాకా ఒక నియమం ఉండేది. ఆట ప్రకటించిన ఆరు వారాలకి రోబోని పెద్ద సంచిలో పెట్టి సీలు వేసేయాలి, పోటీకి వెళ్ళేదాకా దాదాపుగా ముట్టుకోకూడదు. అప్పుడు స్థోమత ఉన్న జట్లు అచ్చం అలాంటిదే రెండో రోబో కట్టుకునేవి. ఒకటి సంచిలోకి పోయాక రెండోదాని మీద డ్రైవర్లు చేయి తిప్పుకునేవారు, కోడ్ రాసేవాళ్ళు తమ కోడ్ సరిచూసుకునేవారు. డబ్బు రెట్టింపు, శ్రమ దాదాపు రెట్టింపు, అదంతా కొన్ని వారాల ప్రాక్టీసు కోసం. బాగా ఆడే జట్లు దేనికి విలువ ఇస్తాయో ఇంతకన్నా స్పష్టంగా తెలియదు. 2020 సీజన్ నుంచి ఆ సీలు నియమం తీసేశారు. ఇప్పుడు ఆ వారాలు అందరికీ ఉన్నాయి. వాటిని కూడా కట్టడానికే ఖర్చు పెట్టేస్తున్న జట్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

సరే, మొదటి రోజుకి వద్దాం. గేమ్ మాన్యువల్ చేతికొచ్చింది. అందులో మైదానం కొలతలు, వస్తువుల బరువులు, పాయింట్ల పట్టిక, చేయకూడని పనులు ఉంటాయి. ఆ సాయంత్రమే ఎవరో ఒకరు కాగితం మీద రోబో బొమ్మ గీసేస్తారు. దాన్ని నేను తీసి పక్కన పెట్టిస్తాను. అప్పుడే బొమ్మ గీస్తే తర్వాత చదివే ప్రతి నియమాన్నీ ఆ బొమ్మకి అనుకూలంగా అర్థం చేసుకుంటాం. మాన్యువల్‌ని మొదటి నుంచి చివరి దాకా, అందరూ, గట్టిగా చదవాలి. ఏ పనికి ఎన్ని పాయింట్లో, ఏ పని అసలు ఎవరూ ఆపలేరో, ఏది రాయకుండా వదిలేశారో చూడాలి.

నియమాలు చదవడం ఎంత పెద్ద డిజైన్ పనో మైక్రోమౌస్ పోటీ చెబుతుంది. చిట్టడవిలాంటి గోడల మధ్య దారి వెతుక్కుంటూ పోయే చిన్న రోబోల పోటీ అది. అమెరికాలో ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజినీర్ల సంఘం పత్రిక 1977లో దీన్ని ప్రకటించింది, చివరి పోటీ 1979లో న్యూయార్క్‌లో జరిగింది. దారిని గుర్తుపెట్టుకుని, ఆలోచించి వెళ్ళే తెలివైన ఎలుకలు వస్తాయని నిర్వాహకుల ఆశ. గెలిచింది మాత్రం తెలివి లేకుండా ఒకవైపు గోడనే పట్టుకుని వేగంగా పరిగెత్తే యంత్రం. లోపలికి వెళ్ళే ద్వారం, బయటికొచ్చే ద్వారం రెండూ బయటి గోడలోనే ఉన్నప్పుడు గోడ పట్టుకుని పోతే చాలు, ఎప్పటికైనా బయటపడతారు. ఆ తర్వాత వచ్చిన పోటీల్లో గమ్యాన్ని చిట్టడవి మధ్యకి మార్చారు, గోడ పట్టుకునే ఉపాయం అక్కడితో ఆగిపోయింది. కొందరు దీన్ని దొంగదారి అంటారు. నాకు అలా అనిపించదు. అడిగిన పని ఏమిటో వాళ్ళు సరిగ్గా చదివారు, దానికి ఎంత కావాలో అంతే కట్టారు.

చదివాక చేయాల్సింది ఆడి చూడటం. నేల మీద టేపుతో మైదానం గీసి, పిల్లలే రోబోలుగా నిలబడి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఆడాలి. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది. పది నిమిషాలకి నవ్వులు ఆగి వాదనలు మొదలవుతాయి: ఇక్కడ ఇద్దరు అడ్డం పడుతున్నారు, ఇటువైపు నుంచి వస్తే గురి కనబడటం లేదు, చివరి ఇరవై సెకన్లలో అందరూ ఒకే చోటికి పరిగెడుతున్నారు. ఏ క్యాడ్ సాఫ్ట్‌వేరూ ఈ సంగతులు చెప్పదు.

తర్వాత లెక్క. ఎఫ్‌ఆర్‌సీలో చాలా సీజన్ల పాటు మ్యాచ్ రెండున్నర నిమిషాలు. మొదటి 15 సెకన్లు రోబో తనంతట తాను కదలాలి, మిగతా 135 సెకన్లు డ్రైవర్లు నడుపుతారు. చివర్లో ఎక్కడం లాంటి పనికి 20 సెకన్లు పక్కన పెట్టుకుంటే మిగిలేవి 115. ఇప్పుడు ఒక ఊహా రోబోని తీసుకుందాం. 8 మీటర్లు వెళ్ళి వస్తువు తీసుకోవాలి, 8 మీటర్లు వెనక్కి వచ్చి దాన్ని పెట్టాలి. వేగం సెకనుకి 3 మీటర్లు అయితే ప్రయాణానికి 5.3 సెకన్లు. తీసుకోవడానికి 4, సరిగ్గా నిలబడి పెట్టడానికి 5. మొత్తం 14.3 సెకన్లు. 115 సెకన్లలో ఎనిమిది సార్లు పడుతుంది. జట్టులో ఎవరో గేర్లు మార్చి వేగం 4 మీటర్లకి పెంచుదామంటారు. ప్రయాణం 4 సెకన్లకి తగ్గుతుంది, మొత్తం 13. ఎన్నిసార్లు? మళ్ళీ ఎనిమిదే. వేగం అలాగే ఉంచి, తీసుకునే సమయాన్ని 2 సెకన్లకి, పెట్టే సమయాన్ని 3 సెకన్లకి తగ్గిస్తే మొత్తం 10.3 అవుతుంది, పదకొండు సార్లు పడుతుంది. వేగం అందుకోవడానికి, ఆగడానికి పట్టే సమయం ఇందులో కలపలేదు, కలిపినా కథ పెద్దగా మారదు.

ఆ నాలుగు సెకన్లు ఎలా తగ్గుతాయో చూస్తే నా వాదన ఇంకాస్త తేటపడుతుంది. వాటిలో కొంత ఇంటేక్ నుంచి వస్తుంది, అంటే వస్తువుని లోపలికి లాక్కునే చక్రాలు. వస్తువు ఏ మూల తగిలినా, వంకరగా తగిలినా లాగేసుకునేట్టు వెడల్పుగా ఉంటే డ్రైవర్ గురి చూడక్కర్లేదు. మిగతాది అలవాటు నుంచే వస్తుంది. ఎంత దూరంలో జాయ్‌స్టిక్ వదిలితే రోబో ఎక్కడ ఆగుతుందో వేళ్ళకి తెలియాలి. రోబోకి ఎడమ ఏదో, తనకి ఎడమ ఏదో ఆలోచించకుండా తెలియాలి. రోబో మన వైపు తిరిగి ఉన్నప్పుడు ఈ రెండూ తారుమారవుతాయి, కొత్త డ్రైవర్ ప్రతిసారీ అక్కడే తడబడతాడు. ఈ తడబాటు పోవాలంటే గంటల తరబడి నడపడం తప్ప మార్గం లేదు. అందుకే వెడల్పాటి సాదా ఇంటేకూ, ప్రాక్టీసు రోజులూ కలిసి పెద్ద మోటార్ల కన్నా ఎక్కువ పాయింట్లు తెస్తాయి.

వేగానికి ఇంకో ధర కూడా ఉంది. పోటీ రోబోల్లో వాడే మోటార్లు, వాటి మీద భారం ఏదీ లేనప్పుడు, నిమిషానికి సుమారు 6000 చుట్లు తిరుగుతాయి, అంటే సెకనుకి 100. పది సెంటీమీటర్ల చక్రం ఒక చుట్టుకి 31 సెంటీమీటర్లు పోతుంది. ఎనిమిదోవంతుకి తగ్గించే గేర్లు పెడితే కాగితం మీద సెకనుకి 4 మీటర్లు, నిజంగా నడిపితే అంతకన్నా తక్కువే. గేర్ల తగ్గింపు తక్కువ చేస్తే గరిష్ఠ వేగం పెరుగుతుంది, కానీ కదిలే క్షణంలో మోటారు ఎక్కువ కరెంటు గుంజుతుంది. 12 వోల్టుల బ్యాటరీ లోపలి నిరోధం, తీగలు, కనెక్టర్లు అన్నీ కలిపి 0.02 ఓమ్‌లు అనుకుంటే 200 ఆంపియర్ల దగ్గర 4 వోల్టులు అక్కడే పోతాయి. ఎఫ్‌ఆర్‌సీలో ఏళ్ళ తరబడి వాడిన రోబోరియో కంట్రోలర్ వోల్టేజీ 6, 7 వోల్టుల మధ్యకి పడితే తనని తాను కాపాడుకోవడానికి మోటార్లకి ఇచ్చే శక్తిని ఆపేస్తుంది. ప్రేక్షకులకి రోబో గుక్క తిప్పుకోలేకపోతున్నట్టు కనబడుతుంది. చాలాసార్లు అది కోడ్ తప్పు అనుకుని కోడ్ రాసే పిల్లల మీద పడతారు పాపం. తప్పు గేర్ల లెక్కలో ఉంటుంది, లేదా వదులైన బ్యాటరీ కనెక్టరులో ఉంటుంది.

కాళ్ళ కింద ఏముండాలన్న చర్చ ప్రతి జట్టులోనూ వస్తుంది. ఒకవైపు ఆరు చక్రాల బండి ఉంటుంది, మధ్య చక్రాలు మిగతావాటి కన్నా సుమారు 3 మిల్లీమీటర్లు కిందికి ఉంటాయి. అలా ఎందుకంటే, ఏ క్షణంలోనైనా నేల మీద నాలుగు చక్రాలే బలంగా ఆనుతాయి, వాటి మధ్య దూరం తక్కువ కాబట్టి రోబో తేలిగ్గా తిరుగుతుంది. నాకు ఇది చాలా ముచ్చటైన ఇంజినీరింగ్. 3 మిల్లీమీటర్ల తేడా ఒక మోటారు చేసే పని చేసిపెడుతుంది. ఇంకోవైపు స్వర్వ్ ఉంటుంది, ప్రతి చక్రమూ తన దిశ తానే మార్చుకుంటుంది, రోబో ఎటు తిరిగి ఉన్నా ఎటైనా జారుతుంది. అది గొప్పది, పై స్థాయి ఎఫ్‌ఆర్‌సీ జట్లు దాదాపు అన్నీ దాన్నే వాడుతున్నాయి. కానీ నాలుగు చక్రాలకి ఎనిమిది మోటార్లు, నాలుగు కోణం కొలిచే సెన్సర్లు, వాటన్నిటినీ కలిపి నడిపే కోడ్ కావాలి. పోయిన ఏడాదే దాన్ని కట్టి, కోడ్ సరిచేసి పెట్టుకున్న జట్టుకి ఈ ఏడాది అది దాదాపు ఉచితం. ఈ ఏడాదే మొదటిసారి మొదలుపెట్టే జట్టుకి అది ప్రాక్టీసు వారాలన్నీ మింగేస్తుంది. అదే యంత్రం, రెండు జట్లకి రెండు ధరలు. అందుకే ఏ డిజైన్ మంచిదన్న ప్రశ్నకి జట్టు పేరు చెప్పకుండా జవాబు రాదు.

జట్టు సమావేశాల్లో నిర్ణయాలు జరిగే తీరు గురించి కూడా కాస్త నిష్ఠూరంగానే చెప్పాలి. గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ ఆలోచన గెలుస్తుంది. అది జరగకూడదని కొన్ని జట్లు పట్టిక వేస్తాయి: బరువుకి ఇన్ని మార్కులు, సులువుకి ఇన్ని, వేగానికి ఇన్ని. చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది. కానీ మనసులో అప్పటికే నచ్చిన డిజైన్‌కి ఎక్కువ వచ్చేదాకా మార్కులు సర్దుతూ పోవడం నేను మళ్ళీ మళ్ళీ చూశాను. ఒకసారి ఇద్దరు, వస్తువుని పైకి లేపడానికి మడత చేయి కావాలా, నిలువుగా లేచే లిఫ్ట్ కావాలా అని సాయంత్రమంతా వాదించుకున్నారు. "సార్, మీరే చెప్పండి" అన్నారు చివరికి. నేను చెప్పలేదు. ప్లైవుడ్ ముక్కలు, డ్రిల్లింగ్ మెషీను, స్టాప్‌వాచ్ ఇచ్చి రెండూ చేసుకుని రమ్మన్నాను. రెండు రోజుల తర్వాత వాదన అవసరమే రాలేదు. చేయి మొదటి కీలు దగ్గర ఊగుతోంది, ఊగడం ఆగేదాకా గురి కుదరడం లేదు. చేయి కావాలన్న అమ్మాయే దాన్ని పక్కన పెట్టింది.

ప్రోటోటైప్ అందంగా ఉండక్కర్లేదు. దానికి ఒకే ప్రశ్న ఉండాలి. రెండు చక్రాల మధ్య బంతి ఎంత నొక్కుకుంటే బాగా లాగుతుంది? ఒక సెంటీమీటరు, ఒకటిన్నర, రెండు అని మారుస్తూ ప్రతి దూరానికీ బంతిని పదే పదే వదిలి రాసుకోవాలి. కొత్త బంతితో, అరిగిపోయిన బంతితో కూడా. పోటీ మధ్యాహ్నానికి బంతులన్నీ అరిగిపోయే ఉంటాయి.

ఇక్కడే ఏది కట్టాలో, ఏది వదలాలో తేలాలి. పాయింట్ల పట్టికలో ఉన్న ప్రతి పనీ చేసే రోబో కావాలని ప్రతి కొత్త జట్టుకీ ఉంటుంది. కానీ ఎఫ్‌ఆర్‌సీలో ఒక్కో వైపు మూడు రోబోలు కలిసి ఆడతాయి. ఒక పనిని నమ్మకంగా చేసే రోబోని పక్కన పెట్టుకోవాలని అందరూ చూస్తారు, నాలుగు పనులు ఎప్పుడో ఒకప్పుడు చేసేదాన్ని ఎవరూ ఎంచుకోరు. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా 2015లో జరిపిన రోబోటిక్స్ ఛాలెంజ్ పెద్ద పరిశోధకుల పోటీ, విద్యార్థుల పోటీ కాదు, అయినా ఇక్కడ తప్పక చెప్పాలి. కూలిన కట్టడంలాంటి చోట తలుపు తీయడం, కవాటం తిప్పడం, మెట్లు ఎక్కడం లాంటి ఎనిమిది పనులు రోబో చేయాలి. రెండు కాళ్ళ మీద నడిచే రోబోలు చాలా పడిపోయాయి. 20 లక్షల డాలర్ల మొదటి బహుమతి గెలిచిన దక్షిణ కొరియా కైస్ట్ జట్టు రోబో హుబోకీ రెండు కాళ్ళే. కానీ దాని మోకాళ్ళ దగ్గర చక్రాలు ఉన్నాయి. నడవాల్సిన అవసరం లేని చోట అది మోకరిల్లి, చక్రాల మీద దొర్లుకుంటూ వెళ్ళింది. ఎనిమిది పనులూ సుమారు నలభై ఐదు నిమిషాల్లో ముగించింది. మనిషిలా నడిచే రోబోని కట్టే సత్తా ఉన్నవాళ్ళే, అవసరం లేని చోట నడకని వదులుకున్నారు.

ఎత్తు గురించి ఒక్క లెక్క చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే దీన్ని పట్టించుకోకుండా పడిపోయిన రోబోలని లెక్కలేనన్ని చూశాం అందరం. రోబో గురుత్వ కేంద్రం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి ముందు చక్రాల దాకా 30 సెంటీమీటర్లు అనుకుందాం. 30ని 60తో భాగిస్తే సగం. అంటే గురుత్వ త్వరణంలో సగానికి మించి బ్రేకు పడితే వెనక చక్రాలు లేస్తాయి. కార్పెట్ మీద మంచి రబ్బరు చక్రం అంతకు దాదాపు రెట్టింపు పట్టు ఇస్తుంది, కాబట్టి డ్రైవర్ భయపడి స్టిక్ వెనక్కి లాగగానే రోబో బోర్లా పడుతుంది. అదే గురుత్వ కేంద్రం 25 సెంటీమీటర్లకి దిగితే పరిమితి 1.2కి చేరుతుంది, అప్పుడు పడిపోయే లోపే చక్రాలు జారిపోతాయి. బ్యాటరీని అడుగున పెట్టడం, మోటార్లని చేయి చివర నుంచి కిందికి తెచ్చి గొలుసుతో శక్తిని పైకి పంపడం, ఇవన్నీ డ్రైవర్‌కి ధైర్యం ఇచ్చే పనులు. లేకపోతే ఎంత ప్రాక్టీసు చేసినా అతను భయం భయంగానే నడుపుతాడు.

కోడ్ రాసేవాళ్ళకి జరిగే అన్యాయం నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. కట్టేవాళ్ళు ఆలస్యం చేసిన ప్రతి రోజూ వాళ్ళ ఖాతాలోంచే పోతుంది. చివరి రాత్రి రోబో ఇచ్చి, పొద్దున్నకల్లా 15 సెకన్ల స్వయంచాలక భాగం నడవాలంటారు. సెన్సర్ ఎటు తిరిగి ఉందో, చక్రం నిజంగా ఎంత జారుతుందో అసలు రోబో మీద తప్ప తెలియదు. అందుకే బండి భాగం ముందు కట్టి, పై పరికరాలు లేకుండానే, దాని బరువుకి సమానంగా ఏదైనా కట్టి కోడ్ జట్టుకి అప్పగించాలి. పైన ఏముండాలో ఇంకా వాదించుకుంటున్నా పరవాలేదు.

2005 డార్పా గ్రాండ్ ఛాలెంజ్‌లో స్టాన్‌ఫర్డ్ జట్టు చేసింది ఇలాంటిదే. అంతకు ముందు ఏడాది, 2004లో, మొజావె ఎడారిలో డ్రైవర్ లేని కార్ల పోటీ జరిగితే అందరికన్నా దూరం వెళ్ళిన కారు 12 కిలోమీటర్లు కూడా దాటలేదు. 2005లో 212 కిలోమీటర్ల దారిని స్టాన్లీ అనే కారు ఏడు గంటల్లోపు పూర్తిచేసి గెలిచింది. అది ఫోక్స్‌వాగన్ టూరెగ్, మార్కెట్లో దొరికే కారే. సెబాస్టియన్ థ్రన్ నాయకత్వంలోని జట్టు బండిని పెద్దగా మార్చలేదు. దీన్ని సాఫ్ట్‌వేర్ సమస్యగా చూసి, కారుని ఎడారి దార్లలో నడిపి నడిపి కోడ్ సరిచేసుకున్నారు. బండిలో కొత్తదనం తక్కువ కాబట్టే నడిపి చూడటానికి సమయం దొరికింది.

క్యాడ్ గురించి ఎక్కువ చెప్పను. అది కావాలి, రంధ్రాలు కలవకపోతే ఏదీ బిగియదు. కానీ జట్టులో ఇద్దరికే క్యాడ్ వచ్చి, మిగతా పదిహేను మంది వాళ్ళ స్క్రీన్ పూర్తయ్యేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం డిజైన్ కాదు.

మరమ్మతు కూడా డ్రాయింగ్ దశలోనే తేలాలి. రెండు మ్యాచ్‌ల మధ్య దొరికేది కొద్ది నిమిషాలు. రోబో అంతటా ఒకే సైజు బోల్టులు ఉంటే ఒకే ఎలెన్ కీ చాలు. విరిగే అవకాశం ఎక్కువున్న ఇంటేక్ నాలుగు బోల్టులతో ఊడి వచ్చేట్టు ఉండి, ఇంకోటి బిగించి సిద్ధంగా ఉంటే జట్టు ప్రశాంతంగా ఉంటుంది. బ్యాటరీ మార్చడానికి చేయి పట్టనంత ఇరుకులో పెట్టిన రోబోలని చూస్తే, దాన్ని గీసినవాళ్ళు ఒక్కసారైనా టెన్షన్‌లో బ్యాటరీ మార్చి ఉంటే అక్కడ పెట్టేవాళ్ళా అనిపిస్తుంది. గీసేవాళ్ళే బిగించాలి, బిగించేవాళ్ళే విప్పాలి అని నేను పట్టుబట్టేది ఇందుకే.

మా మెంటర్లం కూడా ఇక్కడే హద్దులో ఉండాలి. పెద్దవాళ్ళు డిజైన్ చేసిన రోబో బాగా ఆడవచ్చు, కానీ అది చెడినప్పుడు పిల్లలు పెద్దవాళ్ళ మొహం చూస్తారు. 2004లో నీటి అడుగున నడిచే రోబోల మేట్ పోటీలో కార్ల్ హేడెన్ అనే హైస్కూలు జట్టు గెలిచింది. ఓడిన కాలేజీ జట్లలో ఎంఐటీ జట్టూ ఉంది. ఫీనిక్స్ నగరం నుంచి వచ్చిన ఆ నలుగురు విద్యార్థుల రోబో పీవీసీ పైపులతో చేసింది, ఖర్చు సుమారు 800 డాలర్లు. పైపుల జిగురు వాసన వల్ల దానికి స్టింకీ అని పేరు పెట్టుకున్నారు. పోటీకి ముందు నీళ్ళలో దింపి చూస్తే ఎలక్ట్రానిక్స్ పెట్టెలోకి నీరు కారుతోంది. నీరు పీల్చుకోవడానికి అందులో టాంపాన్లు పెట్టి సరిచేసుకున్నారు. న్యాయనిర్ణేతలు రోబో గురించి ఏం అడిగినా వాళ్ళు జవాబు చెప్పగలిగారు. ప్రతి పైపూ వాళ్ళు కోసిందే, ప్రతి తీగా వాళ్ళు కలిపిందే.

నా వాదనకి వచ్చే బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయను. "ఇలా అన్నీ వదిలేసుకుంటూ పోతే పిల్లలు ఏం నేర్చుకుంటారు? గెలుపు కోసం సాదా రోబో కట్టడం కన్నా, పెద్ద కలతో కట్టి ఓడిపోవడమే మంచి చదువు కదా?" ఈ మాట అన్నవాళ్ళలో నేను గౌరవించే మెంటర్లు ఉన్నారు. ఓటమి నేర్పుతుందన్నది నిజమే. కానీ చివరి రాత్రి దాకా బిగిస్తూ, పోటీలో కదలకుండా నిలబడిపోయిన రోబో దగ్గర పిల్లలు ఏం నేర్చుకుంటారు? చేయి డిజైన్ బాగుందో లేదో వాళ్ళకి తెలియనే తెలియదు, అది ఒక్కసారి కూడా ఆడలేదు కాబట్టి. నడిచి విఫలమైన యంత్రం ఎక్కడ బలహీనమో చూపిస్తుంది, నడవని యంత్రం ఏమీ చూపించదు. వంద సార్లు నడిపిన సాదా రోబో, ఏ బోల్టు ఎన్నో మ్యాచ్‌కి వదులవుతుందో, ఏ బెల్టు ఎప్పుడు సాగుతుందో, డ్రైవర్ చేతుల్లో డిజైనర్ ఊహించని వాడకం ఏమిటో చెబుతుంది. ఇంజినీరింగ్ చదువులో పుస్తకాలు ఇవ్వలేని భాగం ఇదే.

పెద్ద కలలకి చోటు లేదని కాదు, వాటికి వేరే నెలలు ఉన్నాయి. పోటీలు ముగిశాక, కొత్త ఆట ప్రకటించేదాకా, మార్కులు వేసేవాళ్ళు లేని ఖాళీ ఉంటుంది. స్వర్వ్ అప్పుడు నేర్చుకోవాలి. ఆ అమ్మాయి పక్కన పెట్టిన మడత చేయిని అప్పుడు బయటికి తీయాలి. మొదటి కీలు దగ్గర ఎందుకు ఊగుతోందో, గొలుసు వదులు వల్లా, గొట్టం పలచగా ఉండటం వల్లా, కోడ్‌లో నియంత్రణ సరిగ్గా కుదరకపోవడం వల్లా అని ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి. కొత్త సీజన్ మొదలయ్యేనాటికి ఊగడం ఆగిపోతే ఆ చేయి కట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో జట్టుకి తెలిసి ఉంటుంది. అప్పుడు దాన్ని రోబో మీదకి ఎక్కించమని నేనే అడుగుతాను.